పిలవని చుట్టం చేసిన మేలు... చేసిన కీడు

మార్చి వచ్చిందంటే మా అద్దంకిలో ఏ మేడ మీద చూసినా మిరపకాయలే. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవాలంటే కాయలు గలగలలాడేదాకా ఎండాలి, తొడిమలు తీయాలి, మిల్లుకు పంపాలి. ఒక్క మనిషితో అయ్యే పనా? అందుకే మా వీధిలో ఆడవాళ్ళం ఒకరింటికి ఒకరం సాయం వెళ్తుంటాం. పోయినేడాది అట్లాగే మా మేడ మీద కూర్చుని తొడిమలు తీస్తుంటే, మిగతావాళ్ళు కిందికి దిగాక, మా వీధి కోడలుపిల్ల ఒకతి చేతిసంచిలోంచి మడత పెట్టిన కాయితం ఒకటి తీసింది.

"అక్కా, నువ్వు బియ్యెస్సీ చదివావు గదా! ఇదేందో చూసి చెప్పు. డాక్టరమ్మ చెప్పింది గానీ నాకు సగం అర్థమైంది, సగం కాలా."

అది ఆమె రిపోర్టు కాదు. వాళ్ళాయనది.

ఆ అమ్మాయికి పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో ఆమె మొక్కని దేవుడు లేడు. ప్రతి మంగళవారం సింగరకొండ ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు. మరోపక్క ఆస్పత్రులు. స్కానింగులు, హార్మోన్ల పరీక్షలు, గర్భనాళాలు మూసుకుపోయాయేమోనని ఎక్స్‌రేలు, నెలనెలా మాత్రలు, సూదులు. అన్నీ ఆమెకే! "అబ్బాయికి కూడా ఒక్క పరీక్ష చేయిద్దాం" అని ఆమె పుట్టింటివాళ్ళు నోరు తెరిచి అడిగితే, అత్తగారు కస్సుమంది. "మగాడికి పరీక్షలేంది? మా వంశంలో అట్టాంటివి లేవు" అని. శ్రీమంతాలకీ, పేరంటాలకీ ఆ పిల్లని పిలవడం కూడా తగ్గించారు మా వీధివాళ్ళు. దాచడం దేనికి, ఒకసారి నేనూ పిలవలేదు.

చివరికి గుంటూరులో ఒక డాక్టరమ్మ, "ముందు మీ ఆయన్ని తీసుకురా, ఆ తర్వాతే నీకు మందు రాస్తాను" అని గట్టిగా చెప్పిందట. వీర్య పరీక్షలో వీర్యకణాలు ఒక్కటీ లేవు. రక్తం తీసి జన్యుపరీక్షకి పంపారు. వచ్చిన కాయితంలో ఒక్క వాక్యం: వై క్రోమోజోములో ఏజెడ్ఎఫ్-ఎ అనే భాగం పూర్తిగా లోపించింది.

డిగ్రీ చదివి పదిహేనేళ్ళు దాటింది. చదివిన జువాలజీ అంతా పోపుల డబ్బా వెనక్కి పోయింది. అయినా ఆ పిల్ల మొహం చూసి, "రెండు రోజులు టైమివ్వు" అన్నాను. రెండు రోజులు కాస్తా రెండు నెలలైంది. తెలుసుకున్నకొద్దీ ఆశ్చర్యం! ఆ అబ్బాయిలో ఆ భాగం ఎగిరిపోవడానికి మూలకారణం కోట్ల ఏళ్ళ కిందట మన పూర్వప్రాణుల్ని పట్టిన ఒక వైరస్. అంతకన్నా ఆశ్చర్యం, అలాంటిదే మరో పాత వైరస్ లేకపోతే మనలో ఏ ఒక్కరమూ అమ్మ కడుపులో పెరిగేవాళ్ళమే కాదు. ఆ అమ్మాయిని అడిగి, గుర్తుపట్టే వివరాలు మార్చి, ఇది మీకు కూడా చెబుతున్నాను.

తాటాకుల్లో ప్రక్షిప్తాలు

మా అద్దంకికి రాతలంటే కొత్త కాదు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనం దొరికింది ఇక్కడే. నన్నయ కంటే రెండు వందల ఏళ్ళ ముందే తెలుగులో పద్యం ఉందని చెప్పింది ఆ రాయే. ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రాప్రగడ ఉన్నదీ ఇక్కడే. కాబట్టి మన శరీరంలోని రాతని కూడా ఈ ఊరి లెక్కలోనే చెబుతాను.

మన ప్రతి కణంలోనూ డీఎన్ఏ అనే పెద్ద గ్రంథం ఉంది. నాలుగే అక్షరాలతో రాసిన 300 కోట్ల అక్షరాల గ్రంథం. అందులో అరుదుగా జరిగే వింత ఒకటుంది. పాతకాలంలో తాటాకు గ్రంథాలకు నకలు రాసే లేఖకుడు తన సొంత పద్యం ఒకటి మధ్యలో ఇరికించేవాడు. దాన్ని చూసి రాసిన తర్వాతివాడు ఆ పద్యాన్ని కూడా అసలుదే అనుకుని దించేవాడు. పండితులు వాటినే ప్రక్షిప్తాలు అంటారు. మన గ్రంథంలోనూ అలాంటి ప్రక్షిప్తాలున్నాయి. వాటిని ఇరికించింది రెట్రోవైరస్‌లనే జాతి.

మామూలు వైరస్ మనల్ని పీడించి పోతుంది. రెట్రోవైరస్ అలా కాదు. తన రాతని డీఎన్ఏ భాషలోకి మార్చుకుని, మన కణంలోని గ్రంథంలో అతికించేసుకుంటుంది. ఇలా మార్చే ఎంజైమును 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనిపెట్టారు. 1975లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఏ ఊపిరితిత్తుల కణంలోనో, రక్తకణంలోనో అతుక్కుంటే ఆ మనిషితోనే దాని కథ ముగుస్తుంది. అలా కాక, ఎప్పుడో ఏ కోటికో ఒకసారి, అండంలోనో వీర్యకణంలోనో అతుక్కుందనుకోండి. ఇక పుట్టే బిడ్డ ఒంట్లో ప్రతి కణంలోనూ ఆ రాత ఉంటుంది. ఆ బిడ్డ బిడ్డలకీ వస్తుంది. పిలవకుండా వచ్చిన చుట్టం ఇంటిపేరు పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయినట్టు!

2001లో మానవ జన్యుపటం మొదటి ప్రతి బయటికి వచ్చినప్పుడు తేలిన లెక్క వినండి. మన గ్రంథంలో ఇలాంటి పాత వైరస్ ముక్కలు నూటికి 8 వంతులు. మన శరీరానికి కావలసిన ప్రోటీన్లు తయారుచేసే అసలు రాత నూటికి 2 వంతులు కూడా లేదు. అయితే భయపడకండి. ఆ ముక్కల్లో దాదాపు అన్నీ కోట్ల ఏళ్ళుగా తప్పులు పడి, చిరిగి, నోరు పడిపోయినవే. వాటివల్ల మనకి ఏ జలుబూ అంటుకోదు.

మనం కారం కొట్టించే మిరపకాయ సంగతీ ఇంతే! 2014లో మిరప జన్యుపటం చదివినప్పుడు, దాని గ్రంథం మనకంటే పెద్దదని, దాదాపు 350 కోట్ల అక్షరాలని తేలింది. అందులో నాలుగింట మూడు వంతులు ఇలా తమంతట తామే నకళ్ళు పెంచుకుని ఇరుక్కున్న రాతలే. వాటిలో ఎక్కువభాగం రెట్రోవైరస్‌లకు దగ్గరి బంధువులు.

కోడి చెప్పిన రహస్యం

ఈ సంగతి మొదట పట్టిచ్చింది కోడి. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ అనే వైద్యుడు కోడికి వచ్చే ఒక రకం కేన్సరు వైరస్ వల్ల వస్తోందని చూపించాడు. 1960ల చివర ఇంగ్లండులో రాబిన్ వైస్ అనే యువ శాస్త్రవేత్త ఇంకో అడుగు వేశాడు. జబ్బేమీ లేని కోళ్ళలో కూడా వైరస్ రాత ఉందని, అది ఈకల రంగులాగే తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగుతోందని చెప్పాడు. పెద్దలు నమ్మలేదు. ఆయన వ్యాసాన్ని మొదట తిప్పి పంపారు. ఆయన మలేసియా అడవులకి వెళ్ళి, మన పెరటికోడికి మూలమైన అడవికోడి రక్తంలో కూడా వెతికాడు. అక్కడా ఉంది! అంటే మనిషి కోడిని పెంచుకోవడానికి ముందే చుట్టం చేరిపోయాడన్నమాట.

"రెట్రోవైరస్ అంటే ఎయిడ్స్ జాతేనా అక్కా?" అని ఆ అమ్మాయి బెదురుగా అడిగింది. అవును, హెచ్.ఐ.వి. కూడా ఆ జాతిదే. కానీ అది మనిషి వంశపు రాతలో చేరలేదు. తల్లి నుంచి బిడ్డకి సోకేది అంటువ్యాధిగానే తప్ప వారసత్వంగా కాదు. అందుకే గర్భిణి సమయానికి మందులు వాడితే బిడ్డకి సోకకుండా చాలావరకు ఆపగలుగుతున్నారు. ఈ తేడా తెలియక కొన్ని కుటుంబాలకు తరతరాల ముద్ర వేసేశాం మనం.

మాయ చేసే మాయ

ఇప్పుడు మేలు సంగతి. కాన్పు అయ్యాక "మాయ పడిందా?" అని అడుగుతాం కదా! ఆ మాయకి బిడ్డవైపు ఒక సన్నని పొర ఉంటుంది. ఒక పక్క తల్లి రక్తం, మరో పక్క బిడ్డ రక్తం. రెండూ కలవవు. కానీ తిండీ, ప్రాణవాయువూ ఇటునుంచి అటు దాటాలి. అందుకని ఆ పొరలో కణాలు విడివిడిగా ఉండక, గోడలు కరిగించుకుని ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అతుకు లేని చీరలా తయారవుతాయి. నెలలు నిండేసరికి మడతలన్నీ విప్పి పరిస్తే ఆ పొర పది చదరపు మీటర్ల పైనే ఉంటుంది.

కణాలని అలా కలిపేది ఎవరు? 2000లో అమెరికా, ఫ్రాన్స్ దేశాల బృందాలు వెదికి పట్టుకున్నాయి. సిన్‌సైటిన్ అనే ప్రోటీను. దాని రాత మన 7వ క్రోమోజోములో ఉంది. అది మనిషి సొంత రాత కాదు. రెండున్నర కోట్ల ఏళ్ళకు పైబడి, మనకీ కోతులకీ ఉమ్మడి పూర్వప్రాణుల్లో చేరిన ఒక రెట్రోవైరస్ పైతొడుగు! ఒకప్పుడు అది కణాన్ని అతుక్కుని లోపలికి దూరడానికి వాడుకున్న జిగురు. ఇప్పుడదే జిగురుతో అమ్మ కడుపులో పొర నేస్తున్నాం. 2003లో ఇలాంటిదే రెండోది దొరికింది. ఎలుకల్లో వేరే వైరస్‌ల నుంచి వచ్చిన ఇలాంటి జన్యువులున్నాయి. 2009లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు వాటిలో ఒకదాన్ని తీసేసి చూస్తే, ఎలుకపిల్లలు కడుపులోనే చనిపోయాయి. మన పెరట్లోని ఆవులూ గొర్రెలూ చేరే జాతిలో ఇంకొక వైరస్ నుంచి వచ్చింది ఉంది. అంటే తల్లులు వేరువేరు చోట్ల, వేరువేరు కాలాల్లో, వేరువేరు వైరస్‌ల దగ్గర ఈ జిగురును తీసుకున్నారు.

గర్భిణుల్లో బి.పి. పెరిగి, కాళ్ళు వాచి, ఒక్కోసారి గుర్రపువాతం దాకా పోయే జబ్బు మనకి తెలుసు. అలాంటివారి మాయలో ఈ సిన్‌సైటిన్ తక్కువగా ఉన్నట్టు పరిశోధకులు గమనించారు. అదే కారణమా, లేక మాయ దెబ్బతిన్నందువల్ల అది తగ్గిందా అన్నది ఇంకా తేలవలసి ఉంది.

ఈ పేరు మీరు కరోనా రోజుల్లో వినే ఉంటారు, వేరే రూపంలో. "టీకా వేయించుకుంటే పిల్లలు పుట్టరట" అన్న పుకారు గుర్తుందా? 2020 డిసెంబరులో యూరప్‌లో పుట్టిన ఆ పుకారు సిన్‌సైటిన్‌నే సాకుగా చేసుకుంది. టీకా వల్ల పుట్టే యాంటీబాడీలు మాయలోని ఈ ప్రోటీనుని కూడా వైరస్సే అనుకుని కొడతాయని దాని వాదన. రెండింటికీ చెప్పుకోదగ్గ పోలిక లేదు. టీకా వేసుకున్న స్త్రీలు గర్భం దాల్చడంలో తేడా లేదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. మనదేశంలో 2021 జులై 2న గర్భిణులకి టీకా అనుమతించారు. కానీ అప్పటికే మా వీధిలో ముగ్గురు కొత్త కోడళ్ళు భయపడి మానుకున్నారు. ఆ రోజుల్లో నాకు ఈ నాలుగు ముక్కలు తెలిసి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది.

లేఖకుడి కన్ను జారితే

ఇక కీడు సంగతి. మళ్ళీ తాటాకు దగ్గరకే రండి. ఒక గ్రంథంలో ఒకే ప్రక్షిప్త పద్యం రెండు చోట్ల ఉందనుకోండి. లేఖకుడు మొదటిది రాసి, తల పైకెత్తి, మళ్ళీ చూసేసరికి కన్ను రెండోదాని మీద పడింది. అక్కడినుంచి రాసుకుంటూ పోయాడు. మధ్యలోని పద్యాలన్నీ గల్లంతు!

మగవాళ్ళ వై క్రోమోజోములో సరిగ్గా ఇదే జరగవచ్చు. అందులో ఒకే జాతి పాత వైరస్ నకళ్ళు రెండు, దాదాపు ఒకేలా, 8 లక్షల అక్షరాల ఎడంలో ఉన్నాయి. సాధారణంగా మగవాళ్ళందరిలోనూ ఉంటాయి, ఏ హానీ చేయవు. కానీ వీర్యకణం తయారయ్యేటప్పుడు, ఎప్పుడో అరుదుగా, ఆ రెండూ ఒకదానితో ఒకటి పొరపాటున జతకట్టి, మధ్యలోని 8 లక్షల అక్షరాలూ తెగిపోతాయి. ఆ మధ్యలోనే వీర్యకణాల పుట్టుకకి అవసరమైన జన్యువులున్నాయి. దాన్నే ఏజెడ్ఎఫ్-ఎ భాగం అంటారు. ఈ తెగుడుకి వైరస్ నకళ్ళే కారణమని 2000లో మూడు బృందాలు విడివిడిగా చూపించాయి. అలా తెగిన వై క్రోమోజోముతో పుట్టిన మగబిడ్డ ఆరోగ్యంగా పెరుగుతాడు, మీసాలొస్తాయి, సంసారానికి ఏ లోటూ ఉండదు. వీర్యకణాలు మాత్రం పుట్టవు.

ఇది చదివినప్పుడు నాకు వాళ్ళ అత్తగారి మాట గుర్తొచ్చింది. "మా వంశంలో అట్టాంటివి లేవు." ఆశ్చర్యమేమిటంటే, ఆవిడ చెప్పింది నిజమే! ఆవిడ భర్తకి ఈ లోపం ఉండి ఉంటే అసలు ఈ కొడుకే పుట్టేవాడు కాదు. ఇది వంశం నుంచి వచ్చిన లోపం కాదు. సాధారణంగా తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడు కొత్తగా జరిగే పొరపాటు. ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. కోడలి తప్పు అసలే కాదు.

మన హైదరాబాదులోనే, 1977లో పుష్పమిత్ర భార్గవ స్థాపించిన సి.సి.ఎం.బి. పరిశోధనశాలలో తంగరాజ్, లాల్జీ సింగ్ తదితరులు ఈ విషయం మీద పనిచేశారు. వీర్యకణాలు అసలే లేని 340 మంది భారతీయులను పరీక్షించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 29 మందికి, అంటే నూటికి ఎనిమిదిన్నర మందికి, వై క్రోమోజోములో ఏదో ఒక భాగం లోపించింది. ఒకటి మాత్రం మరిచిపోకూడదు. వీరిలో ఎక్కువమందికి పోయింది ఏజెడ్ఎఫ్-సి అనే మరో భాగం. దానికి కారణం వైరస్ ముక్కలు కాదు, వై క్రోమోజోములోనే ఉన్న వేరే జంట రాతలు. వైరస్ వల్ల పోయే ఏజెడ్ఎఫ్-ఎ అరుదైనది. "ఎవరికి పిల్లలు లేకపోయినా వైరసే కారణం" అని మరో పుకారు నా వల్ల పుట్టకూడదు!

మరి మిగతా జబ్బులు?

కేన్సరు కణితుల్లో, కొన్ని నరాల జబ్బుల్లో నిద్రపోతున్న ఈ ముక్కలు మేల్కొని కనిపిస్తున్నాయి. నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగిలో ఇలాంటి వైరస్ జాడని 1989లోనే ఫ్రాన్స్‌లో హెర్వే పెరాన్ బృందం ప్రకటించింది. తర్వాత తేలిందేమంటే, అది మన మాయని నేసే సిన్‌సైటిన్ కుటుంబానిదే! కండరాలు క్రమంగా చచ్చుబడే ఏ.ఎల్.ఎస్. జబ్బులో మరో కుటుంబపు ముక్కలు చురుగ్గా ఉంటాయని 2015లో అమెరికాలో అవీంద్ర నాథ్ బృందం రాసింది. అన్నిచోట్లా అలా కనపడలేదని తర్వాత కొందరు అన్నారు. ఇల్లు కాలినచోట పిల్లి కనిపిస్తే పిల్లే అంటించిందనలేం కదా!

మేలు కూడా ఉంది. 2023లో లండన్ శాస్త్రవేత్తలు ఊపిరితిత్తుల కేన్సరులో మేల్కొన్న ఈ ముక్కలని మన రక్షణ వ్యవస్థ గుర్తుపట్టి, కేన్సరు కణాల మీదికి వెళ్తోందని చూపించారు. ఈ దారిలో కేన్సరుకి టీకాలు తయారుచేయవచ్చని ఆశ.

మనం చేయగలిగింది

ఆ డాక్టరమ్మ చెప్పినవీ, నేను చదివినవీ కలిపి నాలుగు మాటలు. పెళ్ళయి ఏడాది ప్రయత్నించినా కడుపు పండకపోతే ఇద్దరూ కలిసి వెళ్ళండి. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగంమందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష సులువు, ఖర్చు తక్కువ, కోత లేదు, సూది లేదు. ఆడవాళ్ళకి నాళాల పరీక్షలూ ఆపరేషన్లూ చేయించేముందు అది చేయిస్తే ఎన్ని ఏళ్ళు కలిసొస్తాయో! వీర్యకణాలు అసలే లేకపోతేనో, బాగా తక్కువుంటేనో వై క్రోమోజోము పరీక్ష గురించి అడగండి. ఏజెడ్ఎఫ్-సి ఒక్కటే పోయినవారిలో చాలామందికి వృషణాల నుంచి వీర్యకణాలు తీసి బిడ్డని పొందే అవకాశం ఉంది. అయితే పుట్టేది కొడుకైతే ఆ లోపం అతనికీ వస్తుంది. ఏజెడ్ఎఫ్-ఎ పూర్తిగా పోతే మాత్రం వెదికినా దొరకవు. ఆ మాట ముందే తెలిస్తే వ్యర్థమైన ఆపరేషనూ, లక్షల అప్పూ తప్పుతాయి. అప్పుడు దాత వీర్యమో, దత్తతో, ఇద్దరమే చాలనుకోవడమో, ఆ నిర్ణయం ఆ దంపతులది.

వాళ్ళింటికి వెళ్ళి ఇదంతా నేనే చెప్పాను, ఆ అమ్మాయి అడిగిందని. అబ్బాయి తల వంచుకుని విన్నాడు. "నాలో లోపం ఉందని తెలిశాక రెండు నెలలు నిద్రపోలేదు వదినా" అన్నాడు. ఆరేళ్ళు నిద్రపోని మనిషి అతని పక్కనే కూర్చుని ఉంది. ఆమె ఏమీ అనలేదు. అతని చేతిమీద చెయ్యి వేసింది.

అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే తప్పు నాదీ కాదంటావా?" అంది. కొడుకు కాయితం చూసినప్పటినుంచీ, కడుపుతో ఉన్నప్పుడు తానేం తిన్నానో, ఏ గ్రహణం నాడు బయటికి వచ్చానో అని ఆవిడ కూడా లోలోపల కుమిలిపోతోందట! "కాదు పిన్నీ" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, కోడలి వైపు చూడకుండానే, "దానికి కాసిన్ని కాఫీనీళ్ళు పోస్తా, పొద్దుటినుంచీ ఏం తాగలా" అంటూ వంటింట్లోకి పోయింది.

వాళ్ళు ఏం నిర్ణయించుకున్నారో అడగకండి. అది వాళ్ళింటి సంగతి. పోయిన శ్రావణంలో మా ఇంట్లో పేరంటానికి మాత్రం మొదటి బొట్టు ఆ పిల్లకే పెట్టాను. మీ వీధిలోనూ ఒక కోడలుపిల్ల ఉండే ఉంటుంది. పేరంటానికి పిలుస్తున్నారా మరి?